డాబా ఇంటి వేడి – సున్నం బకెట్టు కథ

(మన సంఘం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు పిలిస్తే డి.ఏ. బకాయిల మీద మాట్లాడమంటారేమో అనుకున్నాను. ఇంటి వేడి తగ్గించుకోవడం గురించి చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను, ముప్పైమూడేళ్ళు ఫైళ్ళు రాసిన గుమాస్తాను. అయితే ఈ విషయంలో చేతులు కాల్చుకున్నవాణ్ణి కనుక నాలుగు మాటలు మనవి చేస్తాను.

పదవీ విరమణ తరువాత వచ్చిన గ్రాట్యుటీ డబ్బుతో మా పాత ఇంటి మీద రెండు గదులు వేయించాను. కింది వాటా అద్దెకిచ్చి మేమిద్దరం పైకి మారాం. నాలుగు డబ్బులు వస్తాయి, గాలీ వెలుతురూ బాగుంటాయి అన్నది నా లెక్క. మొదటి వేసవిలోనే మా ఇంటావిడ "స్లాబు మీద సున్నం కొట్టించండి, మా నాన్నగారు ఏటా కొట్టించేవారు" అన్నది. కొత్త డాబాకు ఆ పాతకాలపు పని ఎందుకని నేను వినలేదు. దానికి బదులు గది లోపల, స్లాబు కింద, థర్మోకోల్ పలకలతో సీలింగు వేయించాను. కొంత గుణం కనిపించిన మాట వాస్తవమే. కాని ఆ సందులో ఎలుకలు కాపురం పెట్టాయి. థర్మోకోల్ తేలిగ్గా అంటుకుంటుందని తరువాత ఒకరు చెబితే భయపడి పీకించేశాను.

2015 మే నెల మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోతే, అందులో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. బెజవాడను బ్లేజ్‌వాడ అని వేళాకోళం చేస్తారు గాని, ఆ నెల ఎవరికీ నవ్వు రాలేదు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుని పొంతన లేకుండా ఏదో మాట్లాడుతోంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. కింది వాటా అబ్బాయి ఆటో తీసుకొచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరుగారు "ఎండలో ఎక్కడికి వెళ్ళారమ్మా?" అని అడిగారు. ఎక్కడికీ వెళ్ళలేదు. మూడు రోజులుగా గడప దాటలేదు. వడదెబ్బ ఇంట్లోనే తగిలింది, అదీ అర్ధరాత్రి. నాలుగు రోజులకు కోలుకుంది. ఆ గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టినవాణ్ణి నేను, సున్నం వద్దన్నవాణ్ణీ నేనే.

అర్ధరాత్రి ఎందుకు తగిలిందో అప్పుడు ఆలోచించాను. మే మొదటివారంలో మధ్యాహ్నం సూర్యుడు మన ఊరికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే ఎండంతా గోడల మీద కంటే డాబా మీదే పడుతుంది. చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు. మా డాబా ఆరు వందల చదరపు అడుగులు, అంటే యాభై అయిదు చదరపు మీటర్లు. యాభై అయిదు ఇస్త్రీపెట్టెలు బోర్లించి స్విచ్చి వేసినట్టు లెక్క. అయిదంగుళాల కాంక్రీటు ఆ వేడిని పగలంతా తాగి, సాయంత్రం నుంచి నిదానంగా కిందికి దింపుతుంది. బయట గాలి చల్లబడ్డా గది చల్లబడదు. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పి మన మీద కొడుతుంది. గది వేడి నలభై డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని ఇంకా వేడి చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారే చెబుతున్నారు.

కనుక వేడిని స్లాబు పైనే ఆపాలి. తెల్లటి డాబా ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. ఉపాయం అంతే.

మొదటిసారి తొందరపడి ఆ జూన్‌లోనే కొట్టించాను. ఉత్త సున్నం నీళ్ళు. తొలి వానకే కారిపోయి గోడల నిండా తెల్లటి చారలు! మరుసటి ఏడు మార్చిలో పద్ధతిగా చేశాను. ముందు నాచు గీకించి, పగుళ్ళు సిమెంటుతో పూడ్పించి, వాననీటి తూములు శుభ్రం చేయించాను. సున్నాన్ని ముందురోజు నానబెట్టి, గుడ్డతో వడకట్టి, కొట్టే ముందు ఫెవికాల్ కలిపాం. మా డాబాకు ఇరవై కిలోల సున్నం, కిలో ఫెవికాల్ పట్టాయి. పొడుగు కర్రకు కుంచె కట్టి, ఒక పూత ఆరాక రెండో పూత. థర్మోకోల్‌కు తగలేసిన దానిలో నాలుగోవంతు కూడా ఖర్చు కాలేదు.

ఇక్కడ జాగ్రత్తలు చెప్పాలి. గుల్ల సున్నం నీళ్ళు తగలగానే కుతకుత ఉడుకుతుంది, కంట్లో చింది పడితే చూపుకే మోసం. కళ్ళద్దాలు లేకుండా దగ్గరకు పోవద్దు. నీళ్ళలో సున్నం కొద్దికొద్దిగా వేయాలి గాని, సున్నం మీద నీళ్ళు గుమ్మరించకూడదు. పని ఉదయం ఎనిమిదిలోపు ముగించాలి, ఆ తరువాత తెల్లటి డాబా మీద కళ్ళు తెరవలేం. డెబ్బై దాటిన మనం నిచ్చెన ఎక్కే సాహసం చేయనక్కరలేదు. కుర్రవాణ్ణి పెట్టుకుని కింద కుర్చీ వేసుకుని అజమాయిషీ చేస్తే చాలు, అది మనకు అలవాటైన పనే.

ఆఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ ఏడు పడకగది మీద మాత్రమే సున్నం కొట్టించి, రెండో గదిని కావాలని వదిలేశాను. రెండింటిలో రెండు థర్మామీటర్లు తగిలించి, రోజూ రాత్రి తొమ్మిదింటికి రిజిష్టరులో ఎక్కించాను. ఏప్రిల్, మే నెలల్లో చాలా రోజులు రెండు డిగ్రీలు, కొన్ని రోజులు మూడు డిగ్రీలు తేడా కనిపించింది. వినడానికి చిన్న అంకె. పడుకున్నవాళ్ళకు తెలుస్తుంది. జూన్ రాకముందే రెండో గది మీద కూడా కొట్టించాను. దుమ్ముకు తెలుపు మాసిపోతుంది కనుక ఏటా మార్చిలో మళ్ళీ ఒక పూత వేయిస్తున్నాను.

తరువాత పడమటి కిటికీ. లోపల మందపాటి పరదా వేస్తే చాలనుకునేవాణ్ణి. అద్దం దాటి వచ్చిన ఎండ ఇంట్లోకి వచ్చేసినట్టే, పరదా దాన్ని వెనక్కి పంపలేదు. కిటికీ బయట తడికె కట్టాలి. తాటాకు అయినా సరే, వెదురయినా సరే, నర్సరీల వాళ్ళు వాడే ఆకుపచ్చ వల అయినా సరే. దక్షిణపు కిటికీకి ఈ హైరానా అక్కరలేదు, వేసవిలో అటు ఎండ రాదు.

వట్టివేళ్ళ తడికెల మాట చాలామంది అడుగుతారు. పొడి వడగాలి వీచే రోజున అమృతమే. ఉక్కపోత రోజున మాత్రం తడి మీద తడి. ఎయిర్ కూలరుదీ అదే గుణం. పైగా కిటికీ తీసి ఉంచకపోతే గది ఆవిరి కుండ అవుతుంది.

పిల్లలు ఏసీ పెట్టించిన ఇళ్ళలో మాట వేరు. ఆ గది తలుపు కింద సందు, చెక్క కిటికీల సందులు, పాత వెంటిలేటరు మూయకపోతే మన పెన్షను వీధికి చల్లదనం పంచుతుంది. నేను తలుపు కింద పాత చీర చుట్టి పెట్టాను, కిటికీలకు రబ్బరు పట్టీలు అంటించాను. 2020 నుంచి కొత్త ఏసీలు ఇరవైనాలుగు డిగ్రీల మీద మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థవారి మాట. పైన డాబా తెల్లగా ఉన్నప్పుడు ఇరవైయేడులో పెట్టినా మాకు సరిపోతోంది.

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమంటూ ఒకటి తెచ్చింది. ఆరు వందల గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్ళకు తప్పనిసరి, చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం అన్నారు. ఈ సంగతి చదివి వినిపిస్తే మా ఆవిడ "మా నాన్నగారు ఏ జీవో చూసి కొట్టించారు?" అన్నది. జవాబు చెప్పలేకపోయాను.

అపార్ట్‌మెంటుల్లో పై అంతస్తువారికి ఒక చిక్కు ఉంది. డాబా అందరిదీ, వేడి వాళ్ళొక్కరిది. మిగతావారు చందా ఇవ్వమంటే వాళ్ళను ఒక మే నెల సాయంత్రం పై ఫ్లాట్‌కు కాఫీకి పిలవండి.

రిజిష్టరు తెచ్చాను, చూడదలచినవారు కార్యదర్శిగారి బల్ల దగ్గర చూడవచ్చు. మరొకటి, ఇది మా ఆవిడ తప్పక చెప్పమన్నది. సున్నం కలపడానికి వంటింటి అల్యూమినియం గిన్నె తీసుకోకండి, సున్నం దాన్ని తినేస్తుంది. మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది, దాని లెక్క ఇంకా తేలలేదు.