చెకుముకి గుడ్డ
(రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



నిప్పు లేనిదే పొయ్యి లేదు. పొయ్యి లేనిదే ఇల్లు లేదు. నిప్పు పుట్టించుటకు మన పూర్వులు రెండు మార్గము లెఱిగియుండిరి. యజ్ఞశాలలో అరణి మథనము మొదటిది. జమ్మిపై మొలచిన రావికొమ్మ దానికి ప్రశస్తము. పొలమునను బాటయందును చెకుముకి రెండవది. ‘చక్మక్’ అను తురుష్క పదమే మన నోట చెకుముకి యైనది. 1827లో ఇంగ్లండున జాన్ వాకర్ అను మందుల వర్తకుడు గీచిన మండు పుల్లలను అమ్మ మొదలిడెను. తరువాత శివకాశి అగ్గిపెట్టెలు పల్లెపల్లెకు వచ్చినవి. చెకుముకి సంచి మూలబడినది.

చెకుముకికి రాయి, ఉక్కు, గుడ్డ అను మూడును కావలెను. జమ్మలమడుగు చెంత గండికోట లోయలో పెన్న కోసిన గట్టిరాయి గాని, చేలలోని పలుగురాయి గాని వాడి అంచు కలదైనచో చాలును. ఇండ్లకు పఱచు కడపబండ సున్నపురాయి, మెత్తనిది, పనికిరాదు. రాతినుండి నిప్పు రాలుననుట పొరపాటు. రాయి గీఱిన ఉక్కురజను గాలి సోకి మండును; అదియే నిప్పురవ్వ. కావున అరిగిన ఆకురాయి వంటి గట్టి ఉక్కు మేలు; మెత్తని ఇనుము రవ్వ నీయదు.

ఇక గుడ్డ. ప్రొద్దుటూరి అంగళ్ళలో నూలును కలదు, కల్తీనూలును కలదు. ఒక పోగు కాల్చి చూడుడు. కాగితపు వాసనతో బూడిదయైనచో నూలు. కరిగి పూసకట్టినచో విడువుడు. పాత పంచె పేలికలను రెండు వ్రేళ్ళ వెడల్పున కత్తిరించి, మూత బిగువైన రేకుడబ్బీలో వదులుగా నుంచి, మూతకు మేకుతో చిన్న బెజ్జము చేసి, నిప్పుకణికలపై పెట్టవలెను. బెజ్జమునుండి పొగ వచ్చును. పొగ నిలిచినంతనే దించి, బెజ్జము మూసి, పూర్తిగా చల్లారనీయవలెను. తొందరపడి తెఱచినచో గాలి సోకి సర్వము బూడిద యగును. గుడ్డ నల్లనై, నేత చెడక నిలిచిన పాకము కుదిరినట్లు, గోధుమరంగున్న మరల కాల్చవలెను, పొడియైన మాడినట్లు.

గాలి తగులక కాగినందున నూలులోని ఆవిరులు పోయి బొగ్గు మాత్రమే మిగులును. అందుచే చిన్న రవ్వకే అది అంటుకొనును. మంట లేక కణకణలాడును. దానిని ఎండు కొబ్బరిపీచులో నుంచి మెల్లగా ఊదిన మంట లేచును. ఈ పని వాకిటనే చేయుడు. వామికిని, పూరికప్పుకును దూరముగా చేయుడు.

పులివెందుల సీమలో బ్రాహ్మణపల్లె రాతినారకు పేరుపడినది. దానితో నేసిన గుడ్డ నిప్పున కాలదు; కాని దాని ధూళి ఊపిరితిత్తులను చెఱచును. కాలని నార రోగము తెచ్చినది. కాలిన పేలిక అన్నము వండినది. వస్తువుయొక్క గుణ మెఱుగుటయే విద్య.

అగ్గిపుల్లలు తడిసిననాడు పొడిడబ్బీలోని ఈ పేలిక ఆదుకొనును. అయినను ఎఱిగిన వృద్ధులు ఊరికి ఎందఱు మిగిలిరి? వారితోడనే ఈ చేతివిద్యయు పోవును. గ్రంథాలయము అచ్చైన పుస్తకములను దాచుటతో తృప్తి పడరాదు. ఈ రజతోత్సవ వత్సరమున వారానికొక సాయంకాలము వృద్ధులను పిలిచి, చెప్పించి, పిల్లలచే వ్రాయించి, ఆ వ్రాతప్రతిని బీరువాలో చేర్చవలెను. అది మన ఊరు తానే వ్రాసికొన్న పుస్తకమగును.