పాసుబుక్కు ఎవరిది, సాగు ఎవరిది?

(కౌలు చేసే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతులకు సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం గురించి మాట్లాడమన్నారు. మూడెకరాల పత్తి కౌలుకు చేసిన ఆడదానిగా నాకు తెలిసింది చెప్తాను.

తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరాకు 4 వేలు, మరుసటి ఏడు నుంచి 5 వేలు. విత్తనాల వేళకు చేతిలో డబ్బుండాలి, షావుకారు గడప ఎక్కకూడదు అన్నారు. మంచి ఆలోచనే, కాదనను. కానీ పట్టాదారు పాసుబుక్కు ఎవరి పేర ఉంటే వాళ్ళకే డబ్బు. మా ఆసామి పట్నంలో ఉంటాడు. నేను మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన వారంలోనే ఆయనకు 12 వేల చెక్కు వచ్చింది. "పటేలా, కౌలు కొంచెం తగ్గించు" అని అడిగాను. "అది నా పట్టాకొచ్చిన పైసలు" అన్నాడు. మరుసటి ఏడు కౌలు పెంచాడు కూడా. ఆయన్ని తిట్టి లాభం లేదు. పథకమే అట్లా రాశారు.

అదే ఏడు ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా అంతే. 59 ఏళ్ళ లోపు పట్టాదారు చనిపోతే ఇంటికి 5 లక్షలు. కౌలుదారు పురుగుల మందు తాగితే ఆ బీమా లేదు. భార్యకు మిగిలేది అప్పు.

ఇక పట్టా ఉన్న ఇళ్ళ సంగతి చూడండి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో నూరు కమతాలకు సుమారు 14 మాత్రమే ఆడవాళ్ళ పేర ఉన్నాయి. మరి నాటు వేసేదెవరు? కలుపు తీసేదెవరు? పత్తి ఏరి వేళ్ళు చీరుకుపోయేది ఎవరివి?

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. మన దగ్గర 1986లో, దేశమంతటా 2005లో ఆడపిల్లకు సమాన వాటా చట్టం వచ్చింది. నాన్న పోయినప్పుడు నేను నోరెత్తలేదు. అడిగితే పుట్టింటి తలుపు మూసుకుంటుందని భయం. నాలుగెకరాలున్న తండ్రి కూతుర్ని, పక్క ఊళ్ళో కౌలు చేస్తున్నాను. మీలో చాలామంది కథ ఇదే కాదా?

2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. యజమాని హక్కుకు ఏ భంగమూ లేదని అందులోనే ఉంది. అయినా భూమి పోతుందని యజమానుల భయం పోలేదు. నేను కార్డు కోసం వెళ్తే "మీ ఆయన్ను పంపు" అన్నారు. దున్నింది నేను, రైతు ఆయన! ఆంధ్రలో 2019లో తెచ్చిన చట్టంలో కార్డుకు యజమాని సంతకం కావాలన్నారు. ఆ సంతకం పెట్టేదెవరు?

2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఎకరాకు ఏటా 15 వేలన్నారు. 2025 జనవరిలో రైతు భరోసా మొదలుపెట్టినప్పుడు అది 12 వేలయింది, అదీ పట్టాదారుకే.

సాగు చేసేదెవరో ఊళ్ళో అందరికీ తెలుసు. గ్రామసభలో చదివి రాస్తే ఒక్కపూట పని. యజమాని సంతకం అక్కర్లేదు. అధికారులు రాయకపోతే మనమే రాద్దాం. వచ్చే సమావేశానికి ప్రతి ఊరి నుంచీ జాబితా తీసుకురండి: సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, కౌలు ఎంత, అప్పు ఎంత. పేరు దగ్గర "ఫలానా వాని భార్య" అని కాదు, ఆమె పేరే రాయండి.