తల్లి యంత్రము

(జూబ్లీ హిల్స్‌లోని యొక పఠనమందిరమున చేసిన ప్రసంగము)



చలనచిత్రములకు నిలయమైన ఈ గుట్టమీద నిలిచి ఉక్కును గూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. కాని నా విషయమునకు తగిన ఉపమానము మీ వీధిలోనే యున్నది. చిత్రీకరణ జరుగుచోట కెమెరాను చూడుడు. అది పట్టాలమీద ముందువెనుకలకు పోవును, ప్రక్కకు జరుగును, క్రేనుతో పైకిని క్రిందికిని పోవును. ఇవి మూడు చలనములు. ఇవిగాక దాని తల కుడియెడమలకు తిరుగును, మీదికి క్రిందికి వంగును. మొత్తము అయిదు. ఈ అయిదును ఒక్క లయలో సాగినప్పుడే మన చూపు నటుని ముఖము చుట్టును తడబాటు లేక తిరిగివచ్చును. ఆ కెమెరాకు మారుగా గిరగిర తిరుగు కోతపనిముట్టును, నటునికి మారుగా ఉక్కుదిమ్మను ఊహించుకొనుడు. అదియే అయిదక్షముల సి.ఎన్.సి. మిల్లింగు యంత్రము. కొన్నింట పనిముట్టు వంగును. కొన్నింట దిమ్మను పట్టిన బల్లయే వంగి తిరుగును. ఫలము ఒక్కటే.

అయిదు చలనము లెందుకని మీరడుగవచ్చును. రామప్పగుడి మదనికలను చూచినవారికి ఆ ప్రశ్న అక్కరలేదు. ఆ శిల్పి ఉలిని ఒక్క దిక్కునుండియే పట్టియుండిన నడుము వంపు గాని, చేతి మడత గాని రాతినుండి వెలువడి యుండదు. మూడక్షముల యంత్రము మణికట్టు లేని శిల్పి వంటిది. టర్బైను రెక్క మొదలునుండి కొనవరకు మెలితిరిగి యుండును. దానిని మూడక్షముల యంత్రముపై చెక్కవలెనన్న మాటిమాటికి విప్పి, త్రిప్పి, మరల బిగింపవలెను. బిగించిన ప్రతిసారియు కొంచెము తప్పు చేరును. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. ఇట్టి పనులలో 10 మైక్రాన్ల తేడాయే సరకును చెత్తకుప్ప పాలుచేయు తావులు కలవు. అయిదక్షముల యంత్రము ఒక్క బిగింపులోనే పనిలో చాలభాగము ముగించును.

ఈ విద్య యెట్లు పుట్టినదో వినుడు. అమెరికాలో జాన్ పార్సన్స్ అను నతడు హెలికాప్టరు రెక్కలు చేయువాడు. వంపులను అంకెలుగా మార్చి, ఆ అంకెలతోనే యంత్రమును నడుపవచ్చునని ఆయన తలచెను. 1949లో అచటి వైమానికదళము ధనమిచ్చెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము పూనుకొనెను. 1952లో చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ ఆజ్ఞల ననుసరించి నడచు మిల్లింగు యంత్రమును లోకమునకు చూపిరి. పిదప కాగితపు పట్టీ పోయి కంప్యూటరు వచ్చినది. మొదటినుండియు ఈ యంత్రమునకు రాజ్యపు అండ యున్నదని గుర్తుంచుకొనుడు.

రాజ్యములు దీనినెంత విలువగా చూచునో తెలుపు గాథ యొకటి కలదు. 1980ల మొదట జపానుకు చెందిన తోషిబా మెషిన్ సంస్థ తొమ్మిదక్షముల మిల్లింగు యంత్రములను సోవియట్ రష్యాకు గుట్టుగా అమ్మెను. వాని నియంత్రణ పరికరములు నార్వే దేశపు కాంగ్స్‌బెర్గ్ సంస్థవి. జలాంతర్గాముల చక్రములను చప్పుడు లేకుండునట్లు చెక్కుటకు అవి తోడ్పడినవని అమెరికా ఆరోపించెను. 1987లో సంగతి బయటపడినప్పుడు అమెరికా శాసనసభ్యులు కొందరు సభాభవనము ముంగిట తోషిబా రేడియోను సమ్మెటలతో పగులగొట్టిరి. నేటికిని, 1996 నాటి వాసెనార్ ఒడంబడిక ప్రకారము, మేలిరకపు అయిదక్షముల యంత్రములు ఎగుమతి అదుపుపట్టికలో నున్నవి. 2017 డిసెంబరులో మన దేశమును ఆ కూటమిలో చేరినది. చేరినంతమాత్రమున విద్య చేరదు గదా!

ఇక మన యింటి సంగతి. ఈ నగరమునకు యంత్రవిద్య క్రొత్తది కాదు. 1943లోనే సికింద్రాబాదున ప్రాగా టూల్స్ వెలసినది. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వారి కర్మాగారమును ఇచ్చట నెలకొన్నది. 1968లో బాలానగరున పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్రసంస్థ ఏర్పడినది. 1970లో అచటనే పుట్టిన ఎం.టి.ఎ.ఆర్. సంస్థ నేడు ఇస్రో రాకెట్ల ఇంజనులకును, అణువిద్యుత్కేంద్రములకును భాగములు చేయుచున్నది. ఆజాద్ ఇంజినీరింగ్ వారు టర్బైను రెక్కలను చెక్కి విదేశములకు పంపుచున్నారు. ఇది గర్వింపదగినదే. కాని యంత్రములను చేయు తల్లి యంత్రమును కన్న ప్రాగా మాత్రము హెచ్.ఎం.టి.కి అనుబంధమై, తుదకు దానిలో కలిసి పేరే లేకుండ పోయినది. బిడ్డలు పెరుగుచుండగా తల్లి కృశించినది.

దీని ఫలితమేమో నేను కన్నులార చూచితిని. ఒక చిన్న కర్మాగారమున అప్పుచేసి తెచ్చిన విదేశీయంత్రమును గోడప్రక్కనుండి గాలివెలుతురులున్న చోటికి జరిపిరి. యంత్రము తనంతట తానే తాళము వేసికొనెను. చోటు మారినచో అమ్మినవాని అనుమతి వచ్చువరకు నడువకుండునట్లు కొన్ని యంత్రములలో ఏర్పాటుండును. పనివారు చేతులు కట్టుకొని కూర్చుండిరి. వడ్డీ మాత్రము కూర్చుండలేదు. తన సొమ్ముతో కొన్న వస్తువును తన కొట్టములో జరుపుకొనుటకు పరాయివాని సెలవు కావలసివచ్చినవానిని యజమాని యందుమా, కౌలుదారు డందుమా?

యంత్రమెవ్వరిదైన నేమి, పని మనది, కూలి మనది యని కొందరందురు. పరాయియంత్రమును తాకరాదని నేననను. నేటి పని ఆపి రేపటి విద్య నేర్వజాలము. కొనుడు, నడుపుడు, నేర్చుకొనుడు. కాని నేర్చుట నడుపుటతో ఆగరాదు. రాజకోటకు చెందిన జ్యోతి సంస్థ 2007లో ఫ్రాన్సు దేశపు హ్యూరాన్ యంత్రసంస్థనే కొని, అయిదక్షముల యంత్రములను తయారుచేయుచున్నది. గుజరాతు చేసినపని తెలుగునాటికి అసాధ్యమా? ఇంకను మిగిలిన కొరత యంత్రపు మెదడు, అనగా అయిదు చలనములను ఒక్క లయలో నడుపు నియంత్రిక. మన కర్మాగారములు పలుచోట్ల దానికై జపానువైపును జర్మనీవైపును చూచుచున్నవి. ప్రపంచమునకు కంప్యూటరు విద్వాంసుల నంపు హైదరాబాదు, తన బాలానగరపు యంత్రమునకు మెదడు నమర్చలేకుండుట విధివ్రాత గాదు, పూనిక లేమి.

మూడు పనులు చేయవలెను. ప్రభుత్వమువారు తమ రక్షణ కర్మాగారముల కొనుగోళ్లలో స్వదేశ నియంత్రికకు మొదటి తావీయవలెను. మొదటి నమూనా తడబడినను రెండవదానిని కొనవలెను. కంప్యూటరు విద్యార్థి లోహపుపొట్టు రాలుచోట ఆరునెలలైన గడుపవలెను. ఈ విద్య పుస్తకములు తెలుగున రావలెను. రాత్రిపాళీలో యంత్రమునొద్ద నిలుచు పిల్లవానికి హెచ్చరిక అర్థము కానిచో నష్టము లోహముతో ఆగదు, వ్రేళ్లును పోవును.

తెలుగు చిత్రము ఒకప్పుడు మదరాసున అద్దెయింట నుండెడిది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ ప్రాంతపు రాళ్లగుట్టలలో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. అట్టి సాహసములవలన నేడు చిత్రము సొంతయింట నున్నది. యంత్రమింకను అద్దెయింటనే యున్నది. దానికిని ఒక గుట్ట చూపుట మన తరము వంతు.