వర్తకపు ఒడంబడికలును పార్లమెంటును
(మియాపూరులోని ఒక పఠన మందిరమున చేసిన ఉపన్యాసము)



ఈ సాయంకాలము నన్ను మాటలాడుమని కోరిన మిత్రులు "అమెరికా సుంకములు" అను విషయమును సూచించిరి. దానిని కొంచెము మార్చుకొనుటకు వారి అనుమతి గైకొంటిని. సుంకము విధించినది పరాయి ప్రభుత్వము. ఇచ్చట కూర్చుండి మనము దానిని తీసివేయజాలము. కాని వర్తక వివాదములయందు, విదేశములతో చేసికొను ఒడంబడికలయందు మన పార్లమెంటునకు గల పాత్ర యేమి అను ప్రశ్న మనది. నేను న్యాయవాదిని గనుక మాటిమాటికి చట్టము వైపు పోవుదును, క్షమింపుడు.

ముందు జరిగిన సంగతి. 2025 జూలై 30న అమెరికా అధ్యక్షుడు ట్రంపు మన సరకులపై 25 శాతము సుంకమని ప్రకటించెను. మరునాడు వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ ఉభయ సభలలోను ఒక ప్రకటన చదివిరి. పరిణామములను పరిశీలించుచున్నాము, జాతీయ ప్రయోజనముల రక్షణకు వలసిన చర్యలన్నియు గైకొందుము అని దాని సారాంశము. కొలది దినములకే, రష్యా చమురు కొనుచున్నామను నెపమున మరియొక 25 శాతము ప్రకటింపబడెను. ఆగస్టు 27 నుండి మొత్తము 50 శాతమయ్యెను. చమురు ఎవరియొద్ద కొనవలెనను విదేశాంగ నీతి ప్రశ్న ఈ విధముగ భీమవరపు రొయ్యల చెరువు గట్టుమీదికి వచ్చి కూర్చుండెను. 2024-25లో మన దేశపు సముద్రోత్పత్తుల ఎగుమతి సుమారు 745 కోట్ల డాలర్లు కాగా, అందులో అమెరికా కొన్నది సుమారు 271 కోట్ల డాలర్ల సరకు. రొయ్యల పెంపకమున ఆంధ్రప్రదేశమునదే అగ్రస్థానము. ఆ జిల్లాలనుండి వచ్చి మియాపూరున స్థిరపడినవారు ఈ సభలో పలువురున్నారు. వారికి నేను చెప్పవలసినది లేదు.

ఇంతటి ఉపద్రవము వచ్చిన ఆ వర్షాకాల సమావేశములలో లోక్‌సభలో చర్చకై అనుకొన్నవి 120 గంటలు. జరిగినవి సుమారు 37. తక్కినది గందరగోళమున పోయెను. తప్పు ఏ పక్షముదని నన్ను అడుగకుడు. గట్టుమీద నిలుచున్న రైతునకు ఆ పంపకముతో పనిలేదు.

ఆ గందరగోళము లేకున్నను ఏమయ్యెడిది? మరికొన్ని ఉపన్యాసములు, ఒక మంత్రి సమాధానము. అంతకుమించి సభకు అధికారము లేదు. ఒడంబడికలు చేయుట మన రాజ్యాంగము ప్రకారము కార్యనిర్వాహక వర్గపు పని. వానిని అమలుపరచుటకు చట్టము చేయు అధికారమును 253వ అధికరణము పార్లమెంటున కిచ్చినది. కాని చట్టము మార్చనక్కరలేని ఒడంబడికను సభ ముందుకు తేవలెనని ఎచ్చటను లేదు. దిగుమతి సుంకము తగ్గించుటకు 1962 నాటి కస్టమ్సు చట్టపు 25వ సెక్షను క్రింద ఒక నోటిఫికేషను చాలును. నేను కార్యకర్తగా తిరిగిన దినములలో, ఒక రాష్ట్ర నిర్మాణమునకు ఉభయ సభలు సమ్మతించునో లేదో యని 2014 ఫిబ్రవరి వరకు కాచుకొని యుంటిమి. రాష్ట్రపు ఎల్లలు మార్చుటకు సభ కావలెను. దేశపు వాకిలి పరదేశపు సరకునకు తెరచుటకు అక్కరలేదట!

2025 జూలై 24న బ్రిటనుతో మన ప్రభుత్వము వర్తకపు ఒడంబడికపై సంతకము చేసెను. అదే కాగితము, అవే షరతులు. బ్రిటిషు ప్రభుత్వము దానిని 21 సమావేశ దినములు తమ పార్లమెంటు ముందుంచవలెను. కామన్సు సభ తీర్మానించినచో అది నిలిచిపోవును. 1924 నుండి ఆచారముగ నున్నదానిని 2010లో వారు చట్టముగ జేసికొనిరి. మన పార్లమెంటు ముందు అట్లు ఉంచవలెనను విధి లేదు. రాజు పేరిట మంత్రులు ఒడంబడికలు చేయు పాత పద్ధతిని మనకు నేర్పినవారే దానిని తమ ఇంట దిద్దుకొనిరి. మనము మాత్రము వారు విడిచినదానిని భద్రముగ దాచుకొంటిమి. ఇది నాకు సిగ్గుగా నున్నది.

బేరము సాగుచుండగా సభలో చర్చ పెట్టినచో గుట్టు రట్టగునని కొందరందురు. ఆ మాటలో సత్యమున్నది. బేరమునకు మంత్రులే పోవుదురుగాక. సంతకమునకును అమలునకును నడుమ కాలము కలదు గదా! అప్పటికి గుట్టేమి మిగులును?

సభను తప్పించి చేసిన పని ఎంత కష్టమును తెచ్చునో చూచుటకు దూరము పోనక్కరలేదు. ఇచ్చటికి కొలది మైళ్ల దూరమున బాలానగరమున ప్రభుత్వపు ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము వెలసెను. 1970 నాటి పేటెంటు చట్టము మందునకు పేటెంటు నీయక, దానిని చేయు పద్ధతికి మాత్రమే ఇచ్చెను. మరియొక పద్ధతిన అదే మందును చౌకగా చేసినవానిని ఆపువారు లేరు. ఈ రెంటి నీడన హైదరాబాదు మందుల పరిశ్రమ పెరిగెను. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన డాక్టరు అంజిరెడ్డి 1984లో స్థాపించిన సంస్థకు చెందిన పరిశోధనశాల ఈ మియాపూరు బొల్లారము రోడ్డుననే నెలకొనెను.

1994 ఏప్రిల్ 15న మొరాకో దేశపు మరాకెష్ నగరమున ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడికపై మన ప్రభుత్వము సంతకము చేసెను. అప్పటి ప్రధానమంత్రి మన పి.వి. నరసింహారావుగారు. మందులకును పేటెంటు నిత్తుమని అందులో మాట యిచ్చితిమి. మాట యిచ్చిన పిమ్మట చట్టము మార్చవలసి వచ్చెను. 1994 డిసెంబరు 31న ఆర్డినెన్సు తెచ్చిరి. 1995లో బిల్లు లోక్‌సభలో గట్టెక్కి రాజ్యసభలో సెలెక్టు కమిటీ పాలయ్యెను. ఆర్డినెన్సు గడువు తీరెను. 1996లో లోక్‌సభ రద్దుకాగా బిల్లును దానితో అంతరించెను. అప్పుడు ప్రభుత్వము, వచ్చిన దరఖాస్తులను తిరస్కరింపక దాచియుంచుడని పేటెంటు కార్యాలయమునకు ఉత్తరువులిచ్చి, ఇది చాలునని వాదించెను. అమెరికా జెనీవాలో వ్యాజ్యము వేసెను. చట్టము ఒకటి చెప్పుచుండగా దానికి విరుద్ధమైన ఆఫీసు ఉత్తరువు నమ్మదగిన ఆధారము కాదని 1997 డిసెంబరులో అప్పీలు సంఘము తేల్చెను. మనము ఓడితిమి. నేను విద్యార్థిగా ఈ తీర్పు చదివినప్పుడు నొచ్చుకొంటిని. వకీలునైన పిమ్మట చదువగా, ఆ మాట మన న్యాయస్థానమే చెప్పదగినదిగా తోచెను. 1999లో చట్టము సవరించితిమి.

దీని కెదురు సంగతియు కలదు. మందులకు పూర్తిగా పేటెంటు నీయవలసిన గడువు 2005 జనవరి 1. మరల ఆర్డినెన్సే వచ్చెను. కాని ఆ యేడు మార్చిలో బిల్లు సభకు వచ్చినప్పుడు, వామపక్షముల మద్దతు లేనిదే ప్రభుత్వము నిలువని స్థితి. కనుక నిజమైన బేరము సభలోనే జరిగెను. తెలిసిన మందునే రూపు మార్చి, గుణము పెరుగకయే మరల పేటెంటు కోరరాదను 3(డి) సెక్షను నేటి రూపము నందినది అప్పుడే. 2013 ఏప్రిల్ 1న సుప్రీముకోర్టు రక్తపు క్యాన్సరు మందు విషయమున నోవార్టిస్ కంపెనీ కోరికను త్రోసివేసినది ఆ సెక్షను బలముననే. అంతకు ముందు 2012లో మన హైదరాబాదు నాట్కో కంపెనీకి మరియొక క్యాన్సరు మందు చేయుటకు బలవంతపు లైసెన్సు, అనగా పేటెంటుదారుడు ఒప్పకున్నను ప్రభుత్వమిచ్చు అనుమతి, లభించెను. నెలకు సుమారు 2,80,000 రూపాయలున్న మందు 9,000 లోపునకు దిగెను. ఇంట ఆ వ్యాధి చూచినవారికి ఈ రెండంకెల నడుమ నున్నదేమో తెలియును.

ఇక బ్రిటను ఒడంబడిక 13వ ప్రకరణము చూడుడు. మందులు ప్రజలకు అందుటకు స్వచ్ఛంద లైసెన్సులే మేలైన మార్గమని ఉభయ దేశములును గుర్తించుచున్నవని అందున్నది. దీనివలన మన చట్టమున కేమియు భంగము లేదని ప్రభుత్వము వాదము. నిజమే కావచ్చును. కాని రేపు నాట్కో వంటి కంపెనీ మరల లైసెన్సు కోరినప్పుడు, ఎదుటి వకీలు ఆ వాక్యమును తీసి న్యాయాధిపతికి చూపును. నేనైనను చూపుదును. అది అందులో ఎందుకు చేరెను, ఎవరు ఒప్పిరి అని సంతకమునకు తరువాతనైన సభలో నిలదీసి ఓటు వేయు అవకాశము మన ప్రతినిధులకు ఉండవలెనా, వలదా?

మియాపూరు చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గములోనిది. మన సభ్యునికి పంపుటకు ఒక విజ్ఞాపన వ్రాసి ఆ బల్లమీద నుంచితిని. సంతకమైన ప్రతి వర్తకపు ఒడంబడికను అమలునకు ముందు సభల బల్లపై ఉంచి, స్థాయీ సంఘముచే పరిశీలింపజేసి, సభ్యులు కోరినచో ఓటునకు పెట్టునట్లు చట్టము తేవలెనని అందు కోరితిని. అది ఏ పక్షమునకును అనుకూలముగ వ్రాసినది కాదు. చదువక వ్రాలు చేయవలదు. తెలుగు ప్రతి పైన, ఇంగ్లీషు ప్రతి క్రింద నున్నవి. తెలుగు ప్రతిలో రెండవ పుటయందు ఒక తేదీ తప్పు పడగా సిరాతో దిద్దితిని.