మోకాలిపై నున్న మనుజుడు



మన శిల్పశాస్త్రములు ప్రతిమలను స్థానకము, ఆసీనము, శయానము అని మూడు విధములుగా చెప్పినవి. ప్రతిమ నోరు విప్పదు. దాని భంగిమయే దాని వాక్కు. ఈ మాట మనస్సున నుంచుకొని, అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమందలి యొక కంచువిగ్రహమునుగూర్చి మనవి చేసెదను.

1865లో అబ్రహాం లింకను హతుడయ్యెను. ఆ వార్త విని, బానిసత్వమునుండి విముక్తురాలైన షార్లెట్ స్కాట్ అను నల్లజాతి స్త్రీ, స్వేచ్ఛ వచ్చిన పిమ్మట తాను మొదట ఆర్జించిన 5 డాలర్లను ఆయన స్మారకమునకై సమర్పించెను. తక్కిన విముక్తులును, నల్లజాతి భటులును చందాలిచ్చిరి. ధనము వారిదే, రూపమును నిర్ణయించు అధికారము మాత్రము వారికి లేకపోయెను. శిల్పి థామస్ బాల్. లింకను నిలుచుండి చేయి చాచియుండును. సంకెలలు తెగిన నల్లజాతి పురుషుడు ఆయన పాదములచెంత మోకాలిపై నుండును.

అతడు లేవబోవుచున్నాడని శిల్పి భావము. చూచినవారిలో పెక్కురకు మ్రొక్కుచున్నట్లే తోచినది. స్వామియెదుట గరుత్మంతుడు మోకరిల్లుట భక్తి. మనుజుడు మనుజునియెదుట మోకరిల్లుట వేఱు. అతని ముఖమునకు మాదిరియైన ఆర్చర్ అలెగ్జాండరు ఊరక విడుదలకై వేచియున్నవాడు కాడు. మిస్సోరిలో, బానిసత్వపక్షమువారు వంతెన దూలములను కోసియుంచిరని లింకను సైన్యమునకు తెలిపి, ప్రాణములకు తెగించి పాఱిపోయినవాడు.

1876 ఏప్రిల్ 14న విగ్రహావిష్కరణ జరిగెను. దేశాధ్యక్షుడగు గ్రాంటు ఎదుట ప్రసంగించిన ఫ్రెడరిక్ డగ్లసు తానును బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చినవాడే. ఆయన లింకనును కొనియాడుచునే, అతడు ముందుగా తెల్లవారి అధ్యక్షుడని జంకక పలికెను. కొలదిదినములకే, నల్లజాతి మనుజుడు తన కాళ్లపై నిలిచియున్న విగ్రహమును మరణించులోపల చూడగోరుచున్నానని పత్రికకు వ్రాసెను.

ఆయన 1895లో గతించెను. 1974లో అదే ఉద్యానమున మేరీ మెక్లియడ్ బెథ్యూన్ విగ్రహము వెలసెను. ఆమె తలిదండ్రులు బానిసలు. ఆమె పాఠశాలను స్థాపించిన విదుషీమణి. విగ్రహమున ఆమె నిలుచుండి, ఇద్దఱు నల్లజాతి బాలల చేతికి తన సందేశపత్రము నందించుచున్నది. లింకను విగ్రహమును అపుడామెకు అభిముఖముగా త్రిప్పిరి. బోస్టను నగరమందలి మొదటి విగ్రహపు ప్రతిని 2020లో తొలగించిరి, వాషింగ్టనులోనిది నిలిచియేయున్నది.

రెండును అచ్చట నుండుటయే మేలని, బాలురకు చదువు చెప్పిన నాకు తోచుచున్నది. ఒకదానిని చూచిన బాలుడు రెండవదానిని చూచి ప్రశ్న వేయును. మన గ్రామములలోను దాతలకు శిలాఫలకములు, విగ్రహములు నిలుపుదుము. దాత కీర్తిని చెక్కించునపుడు, పుచ్చుకొన్నవాని మానమునుగూర్చి కూడ ఆలోచింపుడు. వీలైన, వానినే అడుగుడు.