చిట్టా, ఆవర్జా: కంప్యూటరు తెరమీది బొమ్మ



వర్తకుడు లెక్కను ముందు చిట్టాలో వ్రాసికొని, పిమ్మట ఆవర్జాకు ఎక్కించుట మీరెఱిగినదే. కంప్యూటరునందు ప్రాసెసరు చేయు పనియు నట్టిదే. దాని చేరువనున్న చిట్టాకు క్యాష్ అనియు, దూరమందలి ఆవర్జాకు మెమరీ అనియు పేళ్లు.

తెరపై బొమ్మ నిలుపు గ్రాఫిక్సు యంత్రము పలుచోట్ల ఆవర్జానే చూచును. చిట్టాలోని మార్పు ఆవర్జాకు ఎక్కనిచో తెరపై పాతబొమ్మయే నిలుచును. పోనీ, ప్రతి యక్షరమునకును ఆవర్జాకడకు పరుగెత్తినచో కాలము వ్యర్థము. అందుచే మధ్యమార్గ మొకటి కలదు: వ్రాతలను 64 బైట్ల మూటగా గట్టి యొక్కమాఱే పంపుట. దీనిని రైట్ కంబైనింగ్ అందురు. ఇది వ్రాయుటకే మేలు. తిరిగి చదువుటకు మిక్కిలి మందము.

ఏ పుటకు ఏ పద్ధతియో చూచునది కెర్నెల్ అను మూలాధికారి. లినక్స్ కెర్నెల్ 2008లో, 2.6.26వ కూర్పునుండి, 4096 బైట్ల పుటపుటకును వేఱువేఱుగ దీనిని నిర్ణయించుచున్నది.

ఒక్క హెచ్చరిక. ఒకే పుటను ఒక డ్రైవరు చిట్టాతోను, వేఱొకటి చిట్టా లేకయు వాడినచో లెక్కలు పొసగవు. ఏది నిజమో తేల్చువారుండరు. కావుననే కెర్నెల్ కరణమువలె పట్టిక నుంచుకొని, రెండవ కోరికను నిరాకరించును, లేదా మొదటి పద్ధతినే యిచ్చును. వేగముకంటె లెక్క యొక్కటిగా నుండుట ముఖ్యము.