సోలార్ స్టాండు: గీత చూడందే కప్పు ఎక్కవద్దు

షోలాపూర్ ఫిట్టర్ల, వెల్డర్ల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం



సాంచెల కార్ఖానాల రేకుల మీద, మన ఇళ్ళ డాబాల మీద సోలార్ ప్యానెళ్ళు లేస్తున్నాయి. 2024లో కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ పెట్టారు. ఈ పని మనవాళ్ళకు దొరకాలనే మన కోరిక. అయితే యజమాని చెయ్యి చాపి "ఇంత ఎత్తు పెట్టు" అంటాడు, మనవాడు యాంగిల్ కోసి బిగిస్తాడు. గీత లేదు, లెక్క లేదు. ఊడిపడితే నింద మాత్రం బిగించినవాడి మీదే.

స్టాండు బరువు మోయడానికే అనుకుంటారు. 550 వాట్ల ప్యానెల్ సుమారు 28 కిలోలు, ఇద్దరం ఎత్తేస్తాం. భయం గాలితోనే. సెకండుకు 39 మీటర్ల గాలిని లెక్కిస్తే చదరపు మీటరుకు 0.6 × 39 × 39, అంటే 912 న్యూటన్లు, దాదాపు 93 కిలోల ఒత్తిడి. ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్లు. అంటే 230 కిలోల లాగుడు! వాలును బట్టి, కప్పు అంచును బట్టి ఇది మారుతుంది. ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం ఆ లెక్క ఇంజనీరు కట్టాలి, మనం అడిగి తీసుకోవాలి.

ఇక గీత. ముందు పక్కనుంచి కనిపించే బొమ్మ గీయండి, కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. మన ఊరికి దక్షిణ ముఖంగా 18 డిగ్రీల వాలు సరిపోతుంది. ప్యానెల్ వెంబడి రెండు కాళ్ళ మధ్య 2000 ఉంటే వెనక కాలు ముందు కాలుకంటే 618 ఎక్కువ ఎత్తు ఉండాలి. చాలామంది తప్పేది ఆ తర్వాతే: డాబా మీద కాళ్ళ మధ్య దూరం 2000 కాదు, 1902. 2000కే రంధ్రాలు వేస్తే కాళ్ళు నిటారుగా నిలవవు. 8 బోల్టుకు 9 రంధ్రం చాలు. కాలులో నిలువుగా పొడుగు గాడి ఇస్తే డాబా ఎగుడుదిగుడు సర్దుకుంటుంది. సాంచె సెట్టింగు చేసిన చేతులకు ఇదేం బ్రహ్మవిద్య కాదు. క్లాంపు ఎక్కడ పట్టాలో మాత్రం ప్యానెల్ కంపెనీ కాగితం చూసే గీయాలి.

ఇనుముకు వెల్డింగు, రంధ్రాలు అయ్యాకే జింకు పూత. పూత తర్వాత వెల్డింగు పెడితే ఆ అతుకు దగ్గరే తుప్పు మొదలు.

రేకుల కప్పు మీద స్క్రూ కింది పర్లిన్‌లోకి దిగాలి, ఒట్టి రేకును పట్టుకుంటే చాలదు. అదీ రేకు గట్టు మీద, రబ్బరు వాషరుతో. సిమెంటు రేకుల మీద అడుగు పెట్టవద్దు, మనిషి బరువుకు పగులుతాయి. నడవడానికి పలకలు, సేఫ్టీ బెల్టు ఇవ్వనివాడి పని మనకు అక్కరలేదు.

గీత మీద ఇంజనీరు సంతకం, బెల్టు, కాగితం మీద రాసిన కూలి: ఈ మూడూ అడుగుదాం. ఆదివారం పొద్దున ఆఫీసులో గీత నేర్పుతాం. టేపు, పెన్సిలు తెచ్చుకోండి.